‘అందరూ ఉన్నారు, నాకే ఎవరూ లేరు’

తిరుపతి నుంచి ఒక అమ్మాయి నాలుగు పేజీల ఉత్తరం రాసింది. పేరు వేయొద్దంది. వేయడం లేదు. గుర్తుపట్టే వీలున్న వివరాలు కూడా కొన్ని మార్చాను.

ఆమెకు 29 ఏళ్లు. ఎమ్మార్‌పల్లి వైపు ఒక అపార్ట్‌మెంట్‌లో రెండో అంతస్తులో కాపురం. భర్తకు శ్రీసిటీలో ఫ్యాక్టరీ ఉద్యోగం. కంపెనీ బస్సులో పోయి రావడంతో కలిపి రోజుకు పన్నెండు పదమూడు గంటలు బయటే, వారం మార్చి వారం నైట్ షిఫ్ట్. అత్తగారు వీళ్ల దగ్గరే ఉంటారు. ఆడబిడ్డ ఒక్కతే, చెన్నైలో ఉంటుంది. పుట్టిల్లు పుత్తూరు. అక్కడ నాన్నకు పక్షవాతం వచ్చి రెండేళ్లయింది, అమ్మ ఆయన్ని విడిచి గడప దాటలేదు. ఈ అమ్మాయి ఒక ప్రైవేటు స్కూల్లో లెక్కల టీచర్. తొలి కాన్పు, ఆపరేషన్ అయింది. మూడో నెల దాకా పుత్తూరులో ఉండి, చీర సారెతో అత్తారింటికి వచ్చింది. పాపకు ఇప్పుడు ఐదు నెలలు.

“అమ్మ దగ్గర ఉన్నన్నాళ్లూ బాగానే ఉన్నాను, లేదా బాగున్నాననుకున్నాను. ఇక్కడికి వచ్చిన వారానికి మొదలైంది. పాప నిద్రపోయినా నాకు నిద్ర రాదు. ఊపిరి ఆడుతోందా లేదా అని ముక్కు దగ్గర వేలు పెట్టి చూస్తుంటాను. ఏడుపొస్తే బాత్రూంలోకి పోయి కుళాయి తిప్పుకొని ఏడుస్తాను. ఒకరోజు అలాగే కూర్చుండిపోయాను. బకెట్ నిండి, నీళ్లు గడప దాటి హాల్లోకి వచ్చేశాయి. మా అత్త ‘నీళ్లు ఊరికే వస్తున్నాయా’ అన్నారు. అంతే.”

అత్తగారి మీద ఫిర్యాదులు పేజీన్నర ఉన్నాయి. ‘మేం ఐదుగురిని కన్నాం, మాకెవరున్నారు?’ అంటారు. ‘బాలింత ఏడిస్తే పాలు విరుగుతాయి’ అంటారు. తెల్లవారుజామున నాలుగింటికే లేచి స్నానం చేసి టీవీలో సుప్రభాతం పెడతారు. సరిగ్గా అప్పుడే ఈ అమ్మాయికి కన్ను మూతపడుతుంది, సరిగ్గా అప్పుడే మెలకువ వస్తుంది. భర్త మంచివాడే. చెప్పుకుంటే ‘ఊరికే ఆలోచించకు’ అంటాడు. తిరుచానూరు తీసుకెళ్లి అమ్మవారికి కుంకుమార్చన చేయించాడు. తిరిగొచ్చేటప్పుడు బైక్ మీద ‘ఇప్పుడెలా ఉంది’ అని అడిగితే ‘బాగుంది’ అంది. ఎదురు ఫ్లాట్ ఆంటీ రోజూ పాపను అడిగి ఎత్తుకుంటారు, కానీ ఆమెను ఇబ్బంది పెట్టకూడదని ఐదు నిమిషాల్లో తెచ్చేసుకుంటుంది.

పద్నాలుగో వారం టీకాలకు ఆరోగ్య కేంద్రానికి వెళ్లినప్పుడు పరిచయమైన ఏడుగురు తల్లులతో ఈ అమ్మాయే ఒక వాట్సాప్ గ్రూపు పెట్టింది. మొదట్లో బాగుంది. తర్వాత ఎవరి బిడ్డ ఎన్ని కిలోలు, ఎవరి బిడ్డ బోర్లా పడింది అనే పోటీ మొదలైంది. ఒక రాత్రి రెండు గంటలకు ‘అమ్మనయ్యానన్న సంతోషం నాకెందుకు రావడం లేదు’ అని అందులో రాసింది. ఒకరు దండం బొమ్మ పెట్టారు. ఒకరు బిడ్డకు నూనె మర్దనా వీడియో పంపారు. మూడో రోజుకు ఆ మాట ఎవరి నోటనో తిరిగి తిరిగి అత్తగారి చెవిన పడింది. ‘బిడ్డను కన్నందుకు ఏడుస్తున్నావంట, ఊరంతా చాటుకుంటున్నావా?’ అన్నారావిడ. గ్రూపులోంచి బయటికి వచ్చేసింది. తర్వాత అందులో ఒకమ్మాయి విడిగా రెండుసార్లు ఫోన్ చేసింది. ఈమె ఎత్తలేదు.

చివరి పేజీలో, అంచున, చిన్న అక్షరాలతో ఇంకో సంగతి ఉంది. మిద్దె మీద బట్టలు ఆరేస్తూ పాపను చంకనేసుకుని ఉన్నప్పుడు ‘ఈ పిట్టగోడ మీంచి వదిలేస్తే’ అనే ఆలోచన మెరుపులా వచ్చిందట. వణికిపోయి తడి బట్టలు అక్కడే వదిలి కిందికి పరిగెత్తింది.

“నాకు పిచ్చి పట్టిందా? డాక్టరు దగ్గరికి పోతే మాత్రలిచ్చి పాలు మాన్పిస్తారా? వచ్చే నెల ఒకటో తేదీకి స్కూల్లో చేరకపోతే వేరేవాళ్లను పెట్టుకుంటామన్నారు, మానేయనా? పుత్తూరు వెళ్లిపోనా? ఇంటి నిండా, వీధి నిండా అందరూ ఉన్నారు, నాకే ఎవరూ లేరు. మనుషుల్ని ఎక్కడి నుంచి తెచ్చుకోవాలి?” ఇవీ ఆమె ప్రశ్నలు.

జవాబు:

అమ్మా, నిన్ను ‘నువ్వు’ అనే అంటాను. మా పెద్దమ్మాయి నీకంటే మూడేళ్లు పెద్ద.

నువ్వు చివర్లో చిన్న అక్షరాలతో రాసిన దానితోనే మొదలుపెడతాను. పసిబిడ్డ తల్లులకు ఇలాంటి ఆలోచనలు రావడం కొత్త కాదు. కత్తి చూస్తే భయం, నీళ్ల తొట్టి చూస్తే భయం, పిట్టగోడ చూస్తే భయం. ఎవరూ బయటికి చెప్పరు కాబట్టి ఎవరికి వారు తామొక్కరే పాపాత్ములం అనుకుంటారు. ఆ ఆలోచన రాగానే నువ్వు వణికావు, పరిగెత్తావు. ఆలోచన రావడం వేరు, అలా చేయాలనుకోవడం వేరు. నీకు పిచ్చి పట్టలేదు.

అయితే దీన్ని దాచకూడదు. ఈ వారంలోనే డాక్టరుకు ఇదే మాట, ఇలాగే చెప్పాలి. నేను డాక్టర్ని కాను. ఉత్తరం చదివి జబ్బు పేరు తేల్చేసే ధైర్యం నాకు లేదు, ఉండకూడదు కూడా. ఒకవేళ ఆ ఆలోచన భయం పుట్టించడం మానేసి సబబుగా అనిపించడం మొదలైనా, ఎవరో చెవిలో చెబుతున్నట్టున్నా, ఈ బిడ్డ నా బిడ్డ కాదనిపించినా, నేను లేకపోతేనే అందరికీ మేలు అని లెక్కలు వేసుకుంటున్నా, ఇక మర్నాటి దాకా ఆగొద్దు. ఆ గంటలోనే ఇంట్లో వాళ్లను లేపి 108కి చేయించు, లేదా అక్కడి రుయా ప్రభుత్వాసుపత్రి ఎమర్జెన్సీకి వెళ్లు. పాపతో ఒంటరిగా ఉండొద్దు. అంత తీవ్రమైన స్థితి అరుదు. వెయ్యి కాన్పుల్లో ఒకరికో ఇద్దరికో వస్తుంది, అదీ ఎక్కువగా మొదటి రెండు వారాల్లోనే. నీ ఉత్తరంలో ఆ ఛాయలు నాకు కనిపించలేదు. అయినా డాక్టర్ను కలిసే దాకా మిద్దె మీదికి వెళ్లకు. బట్టలు బాల్కనీలో ఆరేసుకో, దుప్పట్లు మీ ఆయన ఆరేస్తాడు.

ఇక నీ మిగతా ప్రశ్నలు. కాన్పయిన మూడో రోజో నాలుగో రోజో కారణం లేకుండా ఏడుపు రావడం చాలామందికి ఉంటుంది, రెండు వారాల్లో దానంతటదే తగ్గిపోతుంది. నీది అది కాదు. మూడో నెలలో మొదలై రెండు నెలలుగా నిద్ర, సంతోషం, ధైర్యం మూడింటినీ తినేస్తోంది. ప్రసవం తర్వాత వచ్చే డిప్రెషన్ మొదటి ఏడాదిలో ఎప్పుడైనా రావచ్చు. మన దేశంలో జరిగిన 38 అధ్యయనాలను కలిపి చూసినప్పుడు బాలింతల్లో దాదాపు 22 శాతం మందికి ఇది ఉందని తేలింది. ఆ లెక్కన మీ టీకాల క్యూలో పదిమంది తల్లులుంటే ఇద్దరు నీలాంటి వాళ్లే. ఆ ఏడుగురి గ్రూపులో కూడా నువ్వొక్కదానివే అయి ఉండవని నా అనుమానం. దాని సంగతి తర్వాత చెప్తాను.

రుయాలో మానసిక వైద్య విభాగం ఉంది. అలా కాదంటే నీకు ఆపరేషన్ చేసిన డాక్టరమ్మ దగ్గరికే మొదట వెళ్లొచ్చు. మానసిక వైద్యం ఓపీలో కూర్చుంటే ఎవరైనా చూస్తారేమో అనే భయం నీకు లేకపోయినా ఇంట్లో ఉంటుంది, అందుకని చెప్తున్నాను. పది ప్రశ్నల కాగితం ఒకటుంది, 1987లో ఎడిన్‌బరోలో తయారైంది. గత వారం రోజుల్లో నవ్వొచ్చిందా, నిద్ర పట్టిందా, నిన్ను నువ్వు తప్పుపట్టుకున్నావా, ఇలాంటివి. చివరి ప్రశ్న తనకు తాను హాని చేసుకోవాలన్న ఆలోచన గురించి. డాక్టరు ఆ ప్రశ్నలు అడిగితే ‘ఫర్వాలేదండీ’ అనకు. బైక్ మీద మీ ఆయనతో అన్నట్టు అక్కడ కూడా ‘బాగుంది’ అన్నావంటే వెళ్లి ప్రయోజనం లేదు. హిమోగ్లోబిన్, థైరాయిడ్ పరీక్షలు చేయించమని నువ్వే అడుగు. కాన్పు తర్వాత థైరాయిడ్ అటూ ఇటూ అవడం, ఆపరేషన్‌లో రక్తం పోయి నీరసించడం రెండూ మామూలే, రెండూ మనసు మీద పడతాయి. కారణం అదే అయితే సగం దారి అక్కడే తెలిసిపోతుంది.

మాత్రలు రాస్తారా లేదా అన్నది చూశాక తేలుతుంది. తేలికగా ఉంటే మాటలతోనే, అంటే కౌన్సెలింగ్‌తోనే మొదలుపెడతారు. మాత్రలు అవసరమైనా పాలు మాన్పించాల్సిందే అన్నది నిజం కాదు. సెర్‌ట్రలిన్ లాంటి మందులు పాలలోకి చాలా కొద్దిగానే వెళ్తాయి, పాలిచ్చే తల్లులకు అందుకే ఎక్కువగా రాస్తారు. ‘పాలిస్తున్నాను, కొనసాగించాలనుకుంటున్నాను’ అని ముందే చెప్పు. మందు పనిచేయడానికి రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది, ఈ లోపు ‘ఏమీ తేడా లేదే’ అని ఆపేయకూడదు. బాగయ్యాక కూడా నీ అంతట నువ్వు ఆపకూడదు. ఎవరో ఇచ్చిన నిద్రమాత్ర మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు. ఆసుపత్రికి వెళ్లే లోపు రాత్రి రెండింటికి మనసు బరువెక్కితే 14416కు ఫోన్ చేయి. టెలీమానస్ అంటారు. 2022 నుంచి నడుస్తోంది, 24 గంటలూ ఉంటుంది, ఉచితం, తెలుగులో మాట్లాడొచ్చు. ఆ గ్రూపులో రాసిన మాట అక్కడ చెప్పి ఉంటే అత్తగారి చెవిదాకా పోయేది కాదు.

నీది పుత్తూరు కదా, ఒక్కమాట. ఎముక విరిగినవాళ్లు ఎక్కడెక్కడి నుంచో పుత్తూరు కట్టుకు వస్తారు. చిన్నప్పటి నుంచి చూసే ఉంటావు. కట్టు ఎముకను అతికించదు. ఎముక తనే అతుక్కుంటుంది, అప్పటిదాకా కదలకుండా పట్టుకునే పని కట్టుది. నువ్వు వెతుకుతున్న మనుషులు అలాంటి కట్టు. ఆ కట్టులో బద్ద ఒక్కటే ఉండదు. రెండు మూడు పుల్లలు, గుడ్డ, తాడు. ఒక్కోదానికి ఒక్కో పని.

‘నాకెవరూ లేరు’ అన్నావు. నీ ఉత్తరంలోనే నేను ఆరుగురిని లెక్కపెట్టాను. అత్తగారు, భర్త, ఫోన్లో అమ్మ, ఎదురు ఫ్లాట్ ఆంటీ, రెండుసార్లు ఫోన్ చేసిన ఆ అమ్మాయి, స్కూల్లో నీతో పనిచేసేవాళ్లు. మనుషులున్నారు. తిరకాసు ఎక్కడంటే, వాళ్లలో ప్రతి ఒక్కరూ నిన్ను అర్థం చేసుకోవాలని చూస్తున్నావు. అర్థం చేసుకోని ప్రతివాళ్లనూ జాబితాలోంచి కొట్టేస్తున్నావు. గ్రూపులో నువ్వు ఏడుగురి ముందు ఒకేసారి మనసు విప్పావు. ఎదురింటి ఆంటీ మాత్రం రోజూ తలుపు తట్టి చేతులు చాపుతుంటే ఐదు నిమిషాలకు మించి ఇవ్వలేదు. వినడానికి ఒకరు, బిడ్డను ఎత్తుకోవడానికి ఒకరు, ఆసుపత్రికి తోడు రావడానికి ఒకరు, ఏమీ అడగకుండా గిన్నెడు చారు పంపడానికి ఒకరు. నలుగురూ వేరువేరు మనుషులైనా నష్టం లేదు.

మా పెద్దమ్మాయి పుట్టినప్పుడు మేం చిత్తూరులో అద్దెకుండేవాళ్లం. నన్ను కూడా మూడో నెలకు పంపేశారు. పక్క పోర్షన్‌లో గుడియాత్తం నుంచి వచ్చిన ఒక తమిళావిడ ఉండేది. ఆమెకు తెలుగు అంతంత, నాకు తమిళం సున్నా. మధ్యాహ్నం మూడు కాగానే వచ్చేది. దండెం మీది పాత చీర గుడ్డలన్నీ, అప్పట్లో డైపర్లు ఎక్కడివి, తీసి ఒళ్లో పెట్టుకుని ఒక్కొక్కటీ మోకాలి మీద సాగదీసి మడతపెట్టేది. మడతలయ్యాక పిల్లను తీసుకుని వాళ్ల వరండాలోకి పోయేది. నాకు ముప్పావుగంట. నా బాధ ఆమెకు ఒక్కరోజూ చెప్పలేదు, చెప్పినా అర్థమయ్యేది కాదు. ఆ ముప్పావుగంట నిద్ర లేకపోతే ఆ ఏడాది ఎలా గడిచేదో నాకు తెలీదు.

ఎదురింటి ఆంటీని వెళ్లి ‘మీకు వీలైతే సాయం చేయండి’ అని అడగకు. అలా అడిగితే ఎవరైనా ‘తప్పకుండా’ అంటారు, ఏమీ జరగదు. ‘ఆంటీ, మంగళ, శుక్రవారాలు నాలుగు నుంచి ఐదు దాకా పాప మీ దగ్గర ఉంటే నేను పడుకుంటాను, పాలు పట్టి తీసుకొస్తా’ అని రోజు, గంట చెప్పి అడుగు. ఆవిడకు కుదరదంటే ఆ మాటే చెబుతుంది, ఇద్దరికీ మొహమాటం ఉండదు. ఆ గంటలో అంట్లు తోమితే మాత్రం నేను ఊరుకోను. పడుకో. నిద్ర రాకపోయినా తలుపేసుకొని పడుకో.

పుత్తూరు వెళ్లడం గురించి. మన పద్ధతిలో బాలింతకు మొదటి మూడు నెలలు ఒక కోట కడతారు. పథ్యం వండేవాళ్లొకరు, బిడ్డకు నలుగుపెట్టి కాళ్లమీద వేసుకుని పోసేవాళ్లొకరు, సాంబ్రాణి వేసేవాళ్లొకరు. ఎవరూ దాన్ని మానసిక ఆరోగ్యం అనలేదు గానీ పని మాత్రం అదే చేసేది. చిక్కేమిటంటే సారె పెట్టి పంపిన రోజున ఆ కోట మొత్తం ఒక్క పూటలో లేచిపోతుంది. నీకు మొదలైంది సరిగ్గా ఆ వారమే. కాబట్టి అమ్మ దగ్గరికి వెళ్తే నెమ్మది దొరుకుతుందన్న నీ ఆశ తప్పు కాదు. కానీ ఇప్పుడా ఇంట్లో మంచం మీద నాన్నగారున్నారు. అమ్మ ఇద్దరు రోగులకు, ఒక పసిబిడ్డకు చేయాల్సి వస్తే నెల తిరిగేసరికి ఆవిడ పడిపోతుంది, అది చూసి నీ అపరాధ భావం రెట్టింపవుతుంది. మళ్లీ తిరిగొచ్చే రోజు మళ్లీ ఇదే. వెళ్తే రెండు వారాలకో మూడు వారాలకో తేదీ పెట్టుకుని వెళ్లు, ముందు డాక్టర్ను చూసి వెళ్లు. వచ్చేలోపు ఇక్కడ నీకు ఆ గంటలు ఖాయమై ఉండాలి. లేదా రైలు దూరమే కాబట్టి నెలకో ఆదివారం పోయి సాయంత్రానికి రావడం కూడా ఒక దారి. రెండో దాంట్లో విశ్రాంతి తక్కువ, కుదుపు కూడా తక్కువే.

ఉద్యోగం మానేయనా అన్నావు. ఈ స్థితిలో రాజీనామా రాయొద్దు అన్నంత వరకు గట్టిగా చెప్పగలను. నిద్ర లేని బుర్ర తీసుకున్న నిర్ణయాన్ని నిద్రపోయిన బుర్ర భరించాల్సి వస్తుంది. ఆ పైన నీ ఇష్టం. ఒకటో తేదీకి చేరితే డబ్బు ఉంటుంది. స్టాఫ్‌రూంలో పెద్దవాళ్లతో పెద్దవాళ్ల మాటలు ఉంటాయి. నీకు బాగా వచ్చిన పని ఒకటుందని రోజూ గుర్తొస్తుంది. కానీ రాత్రంతా మేలుకుని పగలు నాలుగు క్లాసులు చెప్పడం ఇప్పుడు నీ వల్ల కాకపోవచ్చు. సెలవు పొడిగిస్తే ఒంటికి మేలు, రోజంతా అదే ఇల్లు అన్నది కీడు. ‘ఒక టర్మ్ దాకా సగం రోజు’ అని అడిగి చూశావా? అడగలేదనే నాకనిపించింది. ఇంకో విషయం. పదిమంది, అంతకంటే ఎక్కువ మంది పనిచేసే చోట, అంతకుముందు 12 నెలల్లో కనీసం 80 రోజులు పనిచేసిన ఆడవాళ్లకు మొదటి ఇద్దరు పిల్లల వరకు 26 వారాలు జీతంతో కూడిన ప్రసూతి సెలవు చట్టంలో ఉంది. మీ స్కూలు జీతం లేకుండా సెలవిచ్చి, ఏదో దయ చూపినట్టు మాట్లాడిందని రాశావు. పోట్లాడమనడం లేదు, ఆ ఓపిక ఇప్పుడు నీకు లేదు. దయ కాదు అని తెలిసి మాట్లాడితే నీ గొంతు మారుతుంది.

ఆ గ్రూపు విషయానికి వద్దాం. నీ ఆలోచన తప్పని అనుకుంటున్నావు. కాదు. తల్లుల మనసు బాగుపడటానికి డాక్టర్లే కానక్కర్లేదని గట్టి ఆధారాలున్నాయి. పాకిస్తాన్‌లో రావల్పిండి చుట్టుపక్కల పల్లెల్లో, మన ఆశా కార్యకర్తల్లాంటి వాళ్లకే కొంత శిక్షణ ఇచ్చి డిప్రెషన్ ఉన్న గర్భిణుల ఇళ్లకు పంపారు. కాన్పయ్యాక కూడా వెళ్లి మాట్లాడారు. బిడ్డకు ఆరు నెలలు వచ్చేసరికి వాళ్లలో 23 శాతం మందికే డిప్రెషన్ మిగిలింది. శిక్షణ లేని మామూలు పలకరింపు అందినవాళ్లలో అది 53 శాతం. 2008లో ఆ ఫలితాలు అచ్చయ్యాయి. తర్వాత మన గోవాలో మరో అడుగు వేసి, ఊళ్లో ఉండే మామూలు తల్లులకే నేర్పి పంపారు. వాళ్లను ‘సఖి’ అని పిలిచారు. గమనించు, రెండు చోట్లా మనిషి మనిషి దగ్గరికి వెళ్లింది, ఎదురుగా కూర్చుంది, మళ్లీ ఫలానా రోజు వస్తానని చెప్పి వచ్చింది. ఏడుగురిని ఒక ఫోన్లో పోసి కలిపితే అది జరగదు.

మళ్లీ మొదలుపెట్టాలని ఉంటే, ఉండాల్సిందే అని నేననను, ముందు ఆ ఒక్క అమ్మాయికి ఫోన్ చేయి. అందరూ దండం బొమ్మలు పెడుతుంటే ఆమె విడిగా రెండుసార్లు చేసింది. ఊరికే చేసిందనుకోను. ఆమెకూ ఏదో ఉండి ఉంటుంది. ‘ఆ రోజు ఎత్తలేకపోయాను, బాగాలేదు’ అంటే చాలు, సంజాయిషీలు వద్దు. ఇద్దరూ కుదిరాక మూడోమనిషిని చూసుకోండి. మూడోమనిషి బిడ్డకు రెండేళ్లో మూడేళ్లో ఉంటే మరీ మంచిది, ‘ఇది దాటాను’ అని చెప్పేవాళ్లు ఒకరుండాలి. వారంలో ఒకరోజు, ఒకే సమయం, ఒకరింట్లో కాకుండా పార్కులోనో అపార్ట్‌మెంట్ కింద సెల్లార్‌లోనో కూర్చోండి. ఇంట్లో అయితే టీ, టిఫిను, ఇల్లు సర్దడం అని అదో పనవుతుంది. ఇక్కడ విన్నది భర్తకు కూడా చెప్పకూడదు అని మొదటిరోజే పైకి అనుకోవాలి, అందరికీ తెలిసిందేలే అని వదిలేస్తే ఏమవుతుందో నువ్వు చూశావు. మినహాయింపు ఒక్కటే. ఎవరైనా బతకాలని లేదన్నా, బిడ్డకు ఏదైనా చేస్తానేమోనని భయపడినా ఆ మాట దాచకూడదు, ఆమెను వెంటబెట్టుకుని ఆసుపత్రికి పోవాలి. బిడ్డల బరువుల మాట మాత్రం నిషేధం. తూకం గొడవ ఆరోగ్య కేంద్రంలో సరిపోతుంది. వాట్సాప్ ‘ఈరోజు ఐదింటికే కదా’ అని అడగడానికి ఉంచుకోండి.

మాట మోసిన మనిషెవరో కనుక్కోవాలని నీకుంది. కనుక్కుని ఏం చేస్తావు? ఆమె కావాలని చేసి ఉండొచ్చు, పాపం ఎవరితోనో బాధపడుతూ చెప్పి ఉండొచ్చు. ఇప్పుడది నీ పని కాదు.

ఆశా కార్యకర్త ఊసు నీ ఉత్తరంలో లేదు. మూడో నెల నుంచి పదిహేనో నెల దాకా మూడు నెలలకోసారి ఆమె ఇంటికి వచ్చి బిడ్డను చూడాలి. ఆ లెక్కన వచ్చే నెల రావాలి. అందరూ బిడ్డనే చూసి పోతారు, తల్లి ఎలా ఉందని అడగడం అరుదు. అడగకపోయినా నువ్వు చెప్పొచ్చు. అయితే ఆమెదీ అదే వార్డు, అత్తగారికి తెలిసినామె అయితే ‘నిద్ర పట్టడం లేదు, డాక్టర్ను చూడాలనుకుంటున్నా’ అన్నంత వరకు చెప్పి ఆపు.

మీ ఆయన కుంకుమార్చన చేయించాడు. దాన్ని తీసిపారేయకు. ఏం చేయాలో తెలియని మగవాడు తనకు తెలిసింది చేశాడు. ‘నన్ను అర్థం చేసుకో’ అని అడిగితే అతనికి దారి కనపడదు. ‘వచ్చే వారం నీకు వీక్లీ ఆఫ్ ఉన్న రోజు నాతో డాక్టర్ దగ్గరికి రా, లోపలికి రా, బయట కూర్చోకు’ అని అడుగు. పిట్టగోడ సంగతి ఒంటరిగా చెప్పలేకపోతే ఆ గదిలో, డాక్టర్ ముందు చెప్పు. నైట్ షిఫ్ట్ లేని వారం రాత్రి పది నుంచి రెండు దాకా పాప అతని బాధ్యత. నువ్వు పాలు పిండి పెట్టి పడుకోవచ్చు, లేదా లేపి పాలు తాగించి మళ్లీ అతనే జోకొట్టొచ్చు. అలాగే అతన్నీ ఒకసారి అడుగు, ఎలా ఉన్నావని. కొత్తగా తండ్రులైన వాళ్లలో కూడా పదిమందిలో ఒకరికి డిప్రెషన్ వస్తుంది. ‘ఊరికే ఆలోచించకు’ అని నీకు చెబుతున్నది తనకు తాను చెప్పుకుంటున్నదేమో.

అత్తగారిని చివరికి ఉంచాను. నువ్వు లెక్కల టీచర్‌వి. ఐదుగురిని కన్నామంటున్నారావిడ. నీ ఉత్తరం ప్రకారం మీ ఆయన, ఆడబిడ్డ, ఇద్దరే. ఆ తీసివేత ఎప్పుడైనా చేశావా? మిగిలిన ముగ్గురి సంగతి నాకు తెలీదు, నీకూ తెలియదేమో. ఒకవేళ నేననుకుంటున్నదే నిజమైతే, ‘మాకెవరున్నారు?’ అన్న మాట దెప్పిపొడుపు కాకపోవచ్చు. నిజంగానే ఎవరూ లేరేమో. బాలింత ఏడవకూడదని ఆవిడకు ఎవరో చెప్పి ఉంటారు, ఏడవాల్సిన రోజుల్లోనే. అడగాలనిపిస్తే ఎప్పుడైనా నెమ్మదిగా అడుగు, ఇప్పుడే కాదు. అడిగినంత మాత్రాన ఆవిడ నీ మాట వినే మనిషి అయిపోతారన్న భరోసా లేదు. నీ మీద ఆవిడ అన్న మాటలు ఒప్పూ కావు. ఆవిడ దగ్గర నీ మనసు విప్పమని నేను చెప్పడం లేదు.

కానీ ఆవిడ రోజూ నాలుగింటికి లేస్తున్నారు. స్నానం చేసి, బొట్టు పెట్టుకుని, మెలకువగా, చేతులు ఖాళీగా కూర్చుంటున్నారు. నువ్వు పేజీన్నర ఫిర్యాదుల్లో రాసిన ఈ సంగతి నాకు ఉత్తరం మొత్తంలో అన్నిటికంటే విలువైనదిగా కనిపించింది. తెల్లవారుజామున నాలుగు నుంచి ఏడు దాకా బిడ్డను చూసుకునే మనిషి కోసం తిరుపతిలో ఎంతమంది తల్లులు డబ్బిచ్చి వెతుకుతున్నారో నీకు తెలీదు. ‘అత్తా, నాలుగింటికి పాలు పట్టి పాపను మీకు ఇచ్చేస్తా, ఏడు దాకా మీ దగ్గర ఉంచుకోండి, నాకు ఆ మూడు గంటలు నిద్ర కావాలి’ అను. కారణాలు చెప్పకు, డిప్రెషన్ అనే మాట ఎత్తకు, డాక్టరు చెప్పమన్నారని కూడా కావాలంటే అను. ఒప్పుకోకపోతే నేను చెప్పిన మిగతా గంటలు ఉండనే ఉన్నాయి. ఒప్పుకుంటే మాత్రం టీవీ సౌండ్ గురించి ఇక గొడవ పెట్టుకోకు. నువ్వు లోపలి గదిలో తలుపేసుకొని, ఫ్యాను పెద్దది చేసుకొని పడుకో. సుప్రభాతం పాప వింటుందిలే.